అరవై మొక్కల మనిషి

ఆయన పోయి పద్దెనిమిది రోజులైందని హుకుంపేట సంతలో అల్లం అమ్మే మనిషి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. తూస్తున్న తక్కెడ ఆపి మరీ నా మొహంలోకి చూశాడు. నేనేమంటానో వినాలని ఉంది అతనికి. "అయ్యో" అన్నాను. అతను మళ్లీ తక్కెడ ఎత్తుకున్నాడు. నా "అయ్యో"ని అతను నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నమ్మకపోవడానికి ఆ పక్క ఊళ్లవాళ్ల దగ్గర కారణాలున్నాయి.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ మంచి మాటలతో మొదలుపెడతారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. ఆయన్ని నేను ఏడేళ్లపాటు దొంగ అనుకున్నాను. ఏం దొంగిలించాడని ఎవరైనా అడిగి ఉంటే నీళ్లు నమిలేవాణ్ని. అయినా అనుకున్నాను. ఆయన కూడా నన్ను అలాగే అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరి అనుమానం నిజమైందో చదివేవారికే తెలుస్తుంది. ఆయన పేరు మాత్రం రాయను. కాగితం మీద తన పేరు ఉండటం ఆయనకు బొత్తిగా ఇష్టం ఉండేది కాదు.

తొంభైల మధ్యలో బొబ్బిలి వైపు నుంచి నేను ఏజెన్సీకి వచ్చాను, కాఫీ పథకంలో ఫీల్డు అసిస్టెంటుగా. టెంపరరీ ఉద్యోగం. ఏటా డిసెంబరు ఆఖర్న రెన్యూవల్ కాగితం చేతికొచ్చేదాకా గుండెలు పీచుపీచుమంటూ ఉండేవి. మా పైన ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. ఎక్కడో వ్యక్తిత్వ వికాసం క్లాసులకు వెళ్లొచ్చాడు. జనవరి ఒకటిన మా అందరి చేతా డైరీల్లో తలా పది లక్ష్యాలు రాయించేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. కొండ మీద రైతుల చేత కూడా రాయించమన్నాడు. మనిషికో ఫారం. పైన "కొత్త సంవత్సరంలో నా లక్ష్యం" అని ఉంటుంది. కింద ఒక గడి, వానలు పడ్డాక ఎన్ని కాఫీ మొక్కలు నాటతారో రాయడానికి. ఆ అంకెను బట్టి నర్సరీలో మొక్కలు పెంచుతారు. అన్ని ఫారాల అంకెలూ కలిపితే నా టార్గెటు. టార్గెటు నిండితే నాకు రెన్యూవల్.

మిగతా రైతులతో నాకే ఇబ్బందీ లేదు. "నీకెంత కావాలో రాసీసుకో బాబూ" అనేవాళ్లు నవ్వుతూ. ఐదు వందల మొక్కలు అన్నా సరే, వెయ్యి అన్నా సరే. నేను రాసుకునేవాణ్ని, వాళ్లు వేలు వేసేవాళ్లు. నన్ను తొందరగా సాగనంపే ఉపాయం అదేనని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆయన ఒక్కడే ఫారం చేతిలోకి తీసుకుని ముందు వెనక్కి తిప్పి చూశాడు.

"ఇటేపు ఏటుంది?" అన్నాడు.

"ఏమీ లేదు తాతా, ఖాళీ."

"కాళీగా ఎందుకుంది?"

ఖాళీని చూసి అంత కలవరపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇంట్లోంచి ఆయన కూతురు వచ్చింది. పెళ్లయినా భర్త పోయి తండ్రి దగ్గరే ఉంటున్న మనిషి. ఆమె చెప్పింది, వాళ్ల తాత ఎప్పుడో కింద నుంచి వచ్చిన ఒక షావుకారికి దేనికో వేలు వేసి ఇస్తే, ఆ కాగితం వెనకవైపు వాళ్ల పల్లపు పొలం మొత్తం రాసేసుకున్నాడని. అప్పట్నుంచి వాళ్లకు మిగిలింది ఆ కొండవాలు ఒక్కటే. దానికి పట్టా లేదు.

ఆయన పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చి ఫారం వెనక ఈ మూల నుంచి ఆ మూలకు రెండు పెద్ద గీతలు గీశాడు. తర్వాత ముందుకు తిప్పి, ఆఖరి వాక్యం ఎక్కడ ముగిసిందో చూపించమన్నాడు. ఆ ఆఖరి అక్షరానికి ఆనించి వేలిముద్ర వేశాడు, మధ్యలో చీమ కూడా దూరకుండా. ప్రభుత్వ కాగితాన్ని పాడుచేశాడని నేను మండిపడ్డాను. ఇంత జాగ్రత్త పడేవాడు ఏదో దాస్తున్నాడని కూడా అప్పుడే అనుకున్నాను.

ఆ మొదటి ఏడాది, మొక్కల అంకె రాసే గడి దగ్గర ఆగిపోయాం. ఆయన అంకె చెప్పలేదు.

"ఇటికల పండగెల్లాక సెప్తాను."

ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. కొండ మీద వాళ్లకు ఏడాది అక్కడ మొదలవుతుంది. ఇంటింటి విత్తనాలూ తెచ్చి దేవుడి దగ్గర కలిపి పూజ చేసి, ఎవరి వాటా వాళ్లు పట్టుకెళ్లి చల్లుకుంటారు. నేను జనవరి, కొత్త సంవత్సరం అన్నాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"మీ కొత్తేడు ఇప్పుడొచ్చీసింది. మాది పండక్కొత్తాది. మజ్జిలో ఈ మూడు నెల్లూ ఎవులివి?"

సూపర్‌వైజరు దగ్గర జవాబు ఉంటుందేమోనని అడిగితే నన్ను తిట్టాడు. చివరికి ఆయనే కొంచెం దిగి వచ్చాడు. గాదె పక్కనున్న బుట్టలోంచి, కూలికెళ్లిన తోటలో ఇచ్చిన కాఫీ గింజలు తీసి అరచేతిలో కుప్పగా పోసుకున్నాడు. "ఇన్నున్నాయి కదా" అన్నాడు. పిడికిలి బిగించాడు. వేళ్ల సందుల్లోంచి గింజలు నేల మీద పడ్డాయి. పడినవి కోడి వచ్చి పొడిచి చూసి వదిలేసింది. పిడికిట్లో మిగిలినవి నా ఫారం మీద పోసి లెక్కపెట్టమన్నాడు. అరవై చిల్లర. "ఆ సిల్లర ఒగ్గీ. అరవై రాయి" అన్నాడు.

నాకు కావలసింది ఆరు వందలు.

నా డైరీ మీద కూడా ఆయన కన్ను పడింది. ఎర్ర అట్ట ఉన్న డైరీ. నేను రాసుకున్న పది లక్ష్యాలూ చదవమన్నాడు. చదివాను. సిగరెట్లు మానాలి, రోజూ తెల్లవారి నడవాలి, కొండ భాష నేర్చుకోవాలి, పోటీ పరీక్షలకు చదవాలి, ఇలా. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"పోయినేడు రాసినియ్యేవి?" అన్నాడు.

పోయిన ఏడు కూడా దాదాపు అవే రాశాను. ఆ మాట చెప్పకుండా డైరీ మూసేశాను. ఆయన లక్ష్యం ఏమిటని ఎదురు అడిగాను, ఇరికిద్దామని. చుట్ట నములుతూ చెప్పాడు. ఎగువ వీధిలో ఉన్న తమ్ముడితో ఎప్పటి నుంచో మాటల్లేవట. ఈ ఏడు మాట్లాడతాడట. "శానా ఒద్దు. తిన్నావా అని అడుగుతాను. అక్కడికే."

రెండు నెలల తర్వాత సంతలో నా కళ్లెదుటే అది జరిగింది. ఎండు చేపల దగ్గర తమ్ముడు ఎదురయ్యాడు. ఈయన ఆగి "తిన్నావా" అన్నాడు. తమ్ముడి మొహం విప్పారింది, ఏదో చెప్పబోయాడు. ఈయన అప్పటికే నడిచి వెళ్లిపోయాడు. నేను పడీ పడీ నవ్వాను. మరుసటి ఏడు ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని జీలుగు కల్లు తాగుతుంటే మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి నా సిగరెట్లు రోజుకు రెండు పెట్టెలయ్యాయి.

ఇంత చిన్నచిన్న మాటలు చెప్పే మనిషి వెనక పెద్ద గుట్టు ఏదో ఉండి తీరాలని నా నమ్మకం. కొండవాలు మీద సగం దాకానే నన్ను రానిచ్చేవాడు. పైన ఏముంది అంటే "ఇంకా ఏటీ నేదు" అనేవాడు. ఏమీ లేకపోతే ఎందుకు రానివ్వడు? గంజాయి పెంచుతున్నాడని తేల్చేసుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన సంతకు వెళ్లాడని తెలిసి ఒక్కణ్నే ఎక్కాను. కింద అరవై కాఫీ మొక్కలు, ఒక్కటీ చావకుండా ఉన్నాయి. నాకు సంతోషం వేయలేదు. అనుమానం ఇంకా పెరిగింది. పైకి వెళితే, వరసగా కొమ్మలు కప్పిన గోతులు. దొరికాడు అనుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక గోతిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. ఎండుటాకులు, తడి మట్టి. రెండో గోతిలోనూ అంతే. మూడో దాంట్లో చెయ్యి ఉండగా వెనక నుంచి వినిపించింది.

"ఏటి ఎతుకుతున్నావు బాబూ?"

సంత నుంచి తొందరగా వచ్చేశాడట. నేను మట్టి చేతులతో లేచి నిలబడ్డాను. గోతులెందుకని అడిగాను, అదే చూడటానికి వచ్చినట్టు. ఏడాది ముందు తవ్వి ఆకు వేసి వదిలేస్తాడట. ఎండా వానా తిన్నాక గాని అందులో మొక్క పెట్టడట. ముందుగా చూపిస్తే ఎవరో ఒకరు ఇప్పుడే నాటమంటారని చూపించడట. వచ్చే ఏడు ఎన్ని నాటతాడో ఆ ఏడే నేలలో ఉంది. లెక్కపెట్టాను. అరవై గోతులు. ఇంటికి వెళ్లేదాకా సిగ్గుతో చచ్చాను. ఇంటికి వెళ్లాక, గంజాయి కాకపోతే మరొకటి అనుకున్నాను.

మూడో ఏడు జనవరిలో నేను ఆ పని చేశాను.

ఆ ఏడు టార్గెటు నిండకపోతే రెన్యూవల్ లేదని సూపర్‌వైజరు మొహం మీదే చెప్పాడు. ఆయన ఫారం ఎప్పటిలాగే వచ్చింది. వెనక బొగ్గు గీతలు, ఆఖరి అక్షరానికి ఆనించిన వేలిముద్ర, గడిలో నేను ఆయన ఎదుటే రాసిన 60. ఆయన కాగితం వెనకకు కాపలా పెట్టాడు, చివరకు కాపలా పెట్టాడు. అంకె పక్కన జాగా ఉందని ఆయనకు తట్టలేదు. నేను అక్కడ ఇంకో సున్నా పెట్టాను.

అప్పుడే పైనుంచి మరో మాట వచ్చింది. ఇచ్చిన మొక్కల్ని బతికించినవాళ్ల కొండవాలుకు పట్టా సిఫారసు చేస్తారని. ఆ మాట విని ఆయన కళ్లలో మొదటిసారి ఆశ చూశాను. "రాసిన కాయితాలన్నీ మా ఇంట్లోంచి ఎల్లిపోయినియ్యే. ఒక్కటి మా ఇంటికొత్తే సూడాలనుంది" అన్నాడు. సున్నా అప్పటికే పెట్టేశాను. వెనక్కి తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది. చూద్దాంలే అనుకున్నాను.

జూన్‌లో లారీ ఆరు వందల మొక్కలు దింపింది. ఆయనకు అరవై ఇచ్చి, మిగతావి నాలుగు రోజులు బడి వెనక దాచాను. ఎండిపోవడం మొదలుపెట్టాక చీకటి పడ్డాక ఊరి కింది గెడ్డ వాగులో పారేశాను. వారం తిరక్కుండా ఆయన నన్ను దారిలో ఆపాడు.

"మా పిల్ల బట్టలుతికే కాడ నల్ల కవర్లు కొట్టుకొత్తన్నాయి. మొక్కలు కూడా ఉన్నాయి. ఎవులియ్యి బాబూ?"

"నాకేం తెలుసు" అన్నాను.

ఆయన నా చేతులకేసి చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

డిసెంబరులో తనిఖీకి పైఅధికారి వచ్చాడు. కొండ ఎక్కాం. ఆయనా, కూతురూ ముందే అక్కడ ఉన్నారు. ఎన్నడూ లేనిది ఆ రోజు ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అధికారి మొక్కలు చూశాడు, ఫారం చూశాడు. ఆ ఏడు తీసుకున్నవి ఆరు వందలని ఉంది, కొత్తవి అరవై కనిపిస్తున్నాయి, మిగతావేవని అడిగాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఆరొందలని ఎవులు సెప్పారు?" అన్నాడు ఆయన.

అధికారి ఫారం చూపించాడు. ఆయన దాన్ని తీసుకుని వెనక్కి తిప్పి తన బొగ్గు గీతలు చూసుకున్నాడు. ముందుకు తిప్పి తన వేలు చూసుకున్నాడు. అప్పుడు అంకె మీద చూపు ఆపాడు. చదువు రాదు, కానీ ఎన్ని గుర్తులుండాలో గుర్తుంది ఆయనకు. తల ఎత్తి నన్ను చూశాడు. కూతురు ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"సచ్చిపోనాయి బాబూ" అన్నాడు అధికారితో. "నానే సూసుకోనేకపోనాను."

అధికారి అక్కడే బండ మీద కాగితం పెట్టుకుని రాశాడు, రైతు నిర్లక్ష్యం వల్ల మొక్కలు నష్టమయ్యాయని, పట్టాకు సిఫారసు చేయడం లేదని. కింద సాక్షిగా సంతకం పెట్టమని నాకు పెన్ను ఇచ్చాడు. పెట్టాను. ఆ తర్వాత రెండేళ్లకు నేను పర్మినెంటు అయ్యాను.

ఆయన అలా ఎందుకన్నాడో నాకు అంతుపట్టలేదు. మంచితనం అనుకోవడానికి మనసొప్పలేదు. ఏదో పెద్దది అడుగుతాడు, అందుకే నన్ను చేతిలో పెట్టుకున్నాడు అనుకున్నాను. కూతురికి అంగన్‌వాడీలో పని అడుగుతాడేమో, ఇంటికి రేకులు అడుగుతాడేమో అని నాలుగేళ్లు ఎదురు చూశాను. ఆయన కనిపిస్తే పలకరించేవాడు, "తిన్నావా" అనేవాడు, వెళ్లిపోయేవాడు. ఆ "తిన్నావా" విన్నప్పుడల్లా నాకు వొళ్లు మండేది. అడగని మనిషిని ఎలా నమ్మడం?

చివరికి నేనే అడిగాను. ఒక జనవరిలో, వాళ్ల అరుగు మీద. కూతురు లోపల అంబలి కాస్తోంది.

"తాతా, ఆ రోజు మొక్కలు చచ్చిపోయాయని ఎందుకు చెప్పావు?"

ఆయన ఆలోచించుకోవలసిన పని లేకపోయింది.

"నిజం సెప్తే నిన్ను తీసీసీవోరు. ఇంకోడొచ్చీవోడు. నువ్వెంత దొంగవో నాకు తెలుసు. ఆడెంత దొంగో నాకేటి తెలుసు?"

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. పట్టా పోతే పోయింది, కొండ ఎక్కడికీ పోదు అనుకున్నాడట అప్పుడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, తన తర్వాత కూతుర్ని ఎవరైనా ఆ వాలు మీంచి దించేస్తారేమోనని భయం పట్టుకుంది. అది చెబుతున్నప్పుడు గొంతు కొంచెం తగ్గింది. తర్వాత మామూలుగా అన్నాడు.

"ఇంకా ఆ బుక్కులో రాత్తన్నావా, పది?"

"రాస్తున్నాను."

"ఈ ఏడు ఒక్కటి రాసుకో. ఒక్క కాయితం మీద నిజం రాత్తానని. అన్నిటి మీదా ఒద్దు. అది నీ వల్ల కాదు."

ఏ కాగితమో ఇద్దరికీ తెలుసు. సరేనన్నాను. ఆ రోజు నిజంగానే రాద్దామనుకున్నాను.

ఆ జనవరిలో నాకు పెళ్లి కుదిరింది, రాయలేదు. తర్వాతి జనవరిలో ప్రమోషను లిస్టు నడుస్తోంది. ఆపైన ఏడు బదిలీ అయి పాడేరు వచ్చాను. తర్వాత పిల్లాడు పుట్టాడు. అయిదు డైరీల్లో మొదటి లక్ష్యంగా అదే ఉంది, నా చక్కటి చేతిరాతలో. అరపేజీ పని. ఆయన నా మీద పెట్టింది మోయలేని బరువు కాదు, నా కొలత చూసి పెట్టిందే. అంత చిన్నదాన్ని కూడా చేయలేకపోయిన వాణ్ని చూసి నాకే అసహ్యం వేస్తుంది. నేను పిరికివాణ్ని, అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

సంతలో అల్లం మనిషి చెప్పిన రోజు సాయంత్రం రాశాను. ఆయన అడిగింది అరవై, ఇచ్చింది అరవై, సున్నా నేను పెట్టింది, మిగతా మొక్కలు గెడ్డలో పారేసింది నేను, చనిపోయాయన్న మాట ఆయన నా కోసం చెప్పింది. ఆ కొండవాలు మీద ఆయన మొక్కలు నేటికీ కాస్తున్నాయని, పట్టా ఆయన కూతురి పేరున సిఫారసు చేయాలని రాసి సంతకం పెట్టాను. ఆఫీసులో ఇస్తే హెడ్ క్లర్కు రెండుసార్లు చదివి, ఉద్యోగం మీద విసుగొచ్చిందా అని అడిగాడు. ముద్ర వేసి నకలు ఇచ్చాడు. ఆ ముద్ర వల్ల నాకేమవుతుందో, ఆమెకేమవుతుందో ఇంకా తెలియదు.

నకలు తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. ఆమె వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తోంది. జుట్టు సగం నెరిసింది. కూర్చోమనలేదు. నిలబడే మొత్తం చదివి వినిపించాను, సున్నా దగ్గర, గెడ్డ దగ్గర కూడా ఆపకుండా. ఆమె పళ్లు చేత్తో పరుస్తూనే విన్నది. అయిపోయాక చేతులు దులుపుకుని అడిగింది.

"మా అయ్య పోయినాక తెచ్చావు. ఇప్పుడేటి కావాల బాబూ నీకు?"

"ఏమీ వద్దమ్మా" అన్నాను.

ఆమె నమ్మలేదు. మళ్లీ వంగి పళ్లు పరచడం మొదలుపెట్టింది. కాగితం అరుగు మీద పెట్టి, ఎగరకుండా ఒక రాయి ఉంచి వచ్చేశాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆమె అరుగు పక్కనుంచే రెండుసార్లు అటూ ఇటూ నడిచింది గాని దాన్ని ముట్టుకోలేదు.